రెండు గీతల రిపోర్టు

“ఆ సీసా ఎవర్నడిగి తీశావమ్మాయ్?” అంది అత్తయ్య.

వంటింటి గట్టు మీద బోర్లించి ఉన్న హార్లిక్సు సీసా గురించి ఆవిడ అడుగుతున్నది. తెల్లారి ఆరు గంటలు కూడా కాలేదు.

“అటక మీద పదకొండు ఉన్నాయి అత్తయ్యా. అందులో ఒకటి తీశాను.”

“పదకొండని లెక్కపెట్టినదానివి, వెడల్పు మూతివి రెండేనని చూళ్ళేదా? నిమ్మకాయ ఊరేస్తే లోపలికి చెయ్యి దూరొద్దూ?”

“నిమ్మకాయలు ఇంకా కొననే లేదు కదా.”

“రేపు కొంటే? అప్పుడు సీసా కోసం ఇల్లిల్లూ తిరగనా?”

బల్ల దగ్గర కూచుని పుస్తకం తిరగేస్తున్న మా అమ్మాయి హర్షిణి నవ్వింది. “నాయనమ్మా, నీ సీసాలకి వీలునామా రాయించు. నా వాటాకి మూతలు రాసినా చాలు.”

“నువ్వు నోరు మూసుకుని చదువుకో” అని, అత్తయ్య మళ్ళీ నావైపు తిరిగింది. “ఇంతకీ దేనికట?”

గొంతు తగ్గించి చెప్పాను. మా అబ్బాయి శశిధర్ గది తలుపు ఇంకా వేసే ఉంది.

సీసాలో అప్పటికే ఏదో ఉన్నట్టు అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “ఛీ! దానికి నా సీసాయే దొరికిందా? దగ్గుమందు సీసా ఏదన్నా చూసుకోలేకపోయావా? అయినా కన్నకొడుకు ఉచ్చ పట్టుకుని బందరు ఊరేగే ఖర్మ నీకేం పట్టింది? కాపలావాడెవడో కూస్తే సరా?”

“మీ అబ్బాయి కూడా ఒప్పుకున్నారు కదా అత్తయ్యా.”

“వాడికి బుద్ధి లేదు. నీకు అంతకన్నా లేదు. ఆ సీసా మళ్ళీ ఈ గడప తొక్కకూడదు.”

“తొక్కదు లెండి” అని విసురుగా సీసా అందుకుని వెళ్ళి శశి తలుపు కొట్టాను.

మాది అవనిగడ్డ. చెరువులు నాగాయలంక అవతల, పోటు నీళ్ళు ఎక్కే కాలవ పక్కన ఉన్నాయి. మా మావగారి రోజుల్లో వరి పండిన భూమినే మావారు పూర్ణచంద్రరావుగారు తవ్వించి రొయ్యల చెరువులు చేశారు. అవి టైగరు రొయ్యల రోజులు. ఒక పంట కలిసొస్తే ఇంటికి మేడ లేచేది, ఒక పంట పోతే మెళ్ళో గొలుసు పోయేది. మాకు రెండూ జరిగాయి.

ఈ సీసా గొడవ వచ్చిన ఏడు, చెరువు పట్టి రొయ్యలు అమ్మే పట్టుబడి ఇంక పన్నెండు రోజులుందనగా, ఒక ఆదివారం తెల్లవారుజామున కరెంటు పోయింది. కరెంటు పోతే చెరువులో ఏరియేటర్లు ఆగిపోతాయి. నీటిని చిలికి గాలి కలిపే చక్రాలవి. అవి ఆగగానే ఎవరో ఒకరు జనరేటరు వేయాలి, లేకపోతే రొయ్యకి ఊపిరాడదు. ఆ రోజు ఎవరూ వేయలేదు. తెల్లారేసరికి రెండో నంబరు చెరువు గట్టు వారంతా చచ్చిన రొయ్యలు తేలి ఉన్నాయి.

కాపలా లక్ష్మయ్యది. బందరు పక్క గిలకలదిండి మనిషి. పాతికేళ్ళు బోట్ల మీద సముద్రానికి వెళ్ళి, వల లాగే వించి యంత్రంలో మోకాలు నలిగి, ఇంక పడవెక్కలేక మా చెరువు మీదికి వచ్చాడు. వచ్చి ఆరేళ్ళు. భార్య పెద్దింట్లమ్మతో చెరువు ఊళ్ళోనే చిన్న ఇంట్లో ఉండేవాడు.

లక్ష్మయ్య చెప్పింది ఇదీ: రాత్రి పదింటికి చిన్నబాబు, అంటే మా శశి, బండి మీద వచ్చి, “నేనుంటాలే, నువ్వింటికి పో” అన్నాడు. తెల్లారి తను వచ్చేసరికి చిన్నబాబు షెడ్డులో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. షెడ్డంతా గంజాయి కంపు. తనే లేపి, మొహాన నీళ్ళు కొట్టి పంపాడు.

శశి చెప్పింది వేరు. తను తొమ్మిదింటికే ఇల్లు చేరాడు. లక్ష్మయ్యే నిద్రపోయి, తప్పు తన మీదికి తోస్తున్నాడు.

నేను ఆ రాత్రి తలనొప్పి మాత్ర వేసుకుని ఎనిమిదింటికే పడుకున్నాను. శశి ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. “బండి చప్పుడు నేను విన్నాను, తొమ్మిదే” అంది అత్తయ్య. పక్కనే ఫోను మోగినా ఆవిడకి వినపడదు.

ఈ తగువు వెంకటపతిగారి మేతల కొట్టుకి చేరింది. దివిసీమలో చెరువులున్నవాళ్ళందరూ రొయ్యల మేతకి ఆ కొట్టుకే వస్తారు. అక్కడ అనుకున్నమాట సాయంత్రానికల్లా కోడూరు దాకా పాకుతుంది. ‘లక్ష్మయ్య నిద్రపోయి చెరువు చంపాడు’ అని అక్కడ తేలితే, ఇంక ఆ చుట్టుపక్కల ఎవరూ అతనికి కాపలా ఇవ్వరు. సముద్రానికి మోకాలు రానివ్వదు. యాభై దాటిన మనిషికి మిగిలిన పని అదొక్కటే. అది అక్కడున్న అందరికీ తెలుసు, లక్ష్మయ్యకి అందరికంటే బాగా తెలుసు.

అక్కడ జరిగిందంతా మావారు ఇంటికొచ్చి చెప్పారు. అందరూ తలో మాటా అంటుంటే లక్ష్మయ్య చేతులు కట్టుకుని నిలబడే అన్నాట్ట: “మా మేనల్లుడు నాగేంద్రబాబు ఓడ ఉజ్జోగానికెల్తే బందర్లో ఉచ్చ పట్టి సూశారండి. గంజాయి తాగితే అందులో తెలిసిపోద్దంట. మిసనుకి పెద్దోళ్ళూ సిన్నోళ్ళూ అని ఉండదు కదండీ. సిన్నబాబుది సూపించండి. లేదని వస్తే, తప్పు నాదేనని ఈ కొట్టు ముందే సెప్తాను.”

ఎవరో నవ్వారట. వెంకటపతిగారు మాత్రం నవ్వకుండా, “బాగానే ఉంది. మరి బందరు ఎవరు తీసుకెళ్తారు? దారిలో నీళ్ళు కలిపితే?” అన్నారట.

“అమ్మగోరు తీసుకెల్తే సాలండి” అన్నాట్ట లక్ష్మయ్య.

మావారు ఈ ముక్క చెప్పి, “నీకు బాగానే ఉంది రత్నా పరపతి!” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడే ఒప్పుకుని ఉంటే తర్వాత ఇంత జరిగేది కాదు. ఆ వేసవి నుంచీ శశి చొక్కాలకి ఛాతీ దగ్గర ఆవగింజంత కాలిన చిల్లులు పడుతున్నాయి. సిగరెట్టు చిల్లు పెద్దది, అంచు గుండ్రంగా ఉంటుంది. ఇవి చిట్లి ఎగిరిపడ్డ నిప్పురవ్వల్లాంటివి. గంజాయి గింజ నిప్పుకి చిట్లుతుందని నాకెవరూ చెప్పలేదు. కానీ ఏ చొక్కాకి ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ఒక్కొక్కటీ అదే రంగు దారంతో అల్లి మూసి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. ఒక్కసారి కూడా అడగలేదు.

శశి తలుపు తీశాడు. కళ్ళు నిద్రతో ఉబ్బి ఉన్నాయి. నా చేతిలో సీసా చూసి, “నువ్వు కూడా నమ్ముతున్నావా అమ్మా?” అన్నాడు.

“నమ్మకం సంగతి కాదు. పొద్దున్నే మొదటిదే కావాలన్నారు. పట్టి ఇవ్వు.”

“వాడి మాట మీద నాకు పరీక్షా?”

“ఆ మాట మీ నాన్నతో అను. ఏడుంబావు బస్సు పోతుంది నాకు.”

రెండు నిమిషాల్లో తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మూత బిగించి, ప్లాస్టిక్ కవరు చుట్టి, వైరుబుట్టలో నిలబెట్టుకుని బయల్దేరాను. బస్సులో పక్కసీటావిడ బుట్టలోకి తొంగి చూసి, “పచ్చడాండీ? పిల్లలకా?” అంది. “అవునండీ” అన్నాను. “ఆవకాయా?” అంది. చల్లపల్లి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

ల్యాబు కోనేరు సెంటరు దగ్గర ఒక మేడ మీద ఉంది. ఓడ ఉద్యోగాలకి వెళ్ళే కుర్రాళ్ళు వస్తుంటారని, ఈ పరీక్షకి కావలసిన కిట్లు వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంటాయిట. దుర్గ అనే అమ్మాయి సీసా తీసుకుని, పేరు రాసుకుని, రెండింటికి రమ్మంది. ఎక్కడికీ వెళ్ళకుండా ఆ బెంచీ మీదే కూచున్నాను. గుడివాడలో బీయస్సీ చదివే రోజుల్లో ఇలాంటి గది వాసనే నాకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టంగా ఉండేది. కెమిస్ట్రీ ల్యాబులో నా గాజు సామాను అందరికంటే శుభ్రంగా ఉంటుందని మేడం మెచ్చుకునేది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఆ చదువులో నాకు మిగిలింది ఆ కడగడం ఒక్కటే.

ఒంటిగంటన్నరకే దుర్గ లోపలికి పిలిచింది.

“నెగటివ్ అండీ” అంది. బల్ల మీద చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క. దాని మధ్య కిటికీలో రెండు ఎర్ర గీతలు. “ఈ పరీక్షలో రెండు గీతలు పడితే లేదని అర్థం. ఒకటే పడితే ఉందని.”

రెండు. ఇంకోసారి చూశాను. రెండే. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ చిల్లులు అగరొత్తుల వల్ల పడ్డాయేమో, దోమల కాయిల్ వల్లేమో, పిల్లవాణ్ణి నెలల తరబడి మనసులో ఉరి తీశానే అనుకున్నాను. ఆ సంతోషం ఒక నిమిషం ఉందేమో.

“ఒక్కమాట అడగనాండీ?” అంది దుర్గ. డాక్టరుగారి గది వైపు చూసి గొంతు తగ్గించింది. “శాంపిలు దేంట్లో తెచ్చారండీ? మూత తియ్యగానే బ్లీచింగు వాసన గుప్పుమంది.”

బుట్ట ఒళ్ళోకి లాక్కున్నాను.

“ఏమనుకోకండి. మాది గిలకలదిండి. ఐసు తొట్లు కడిగే బ్లీచింగు వాసన చిన్నప్పట్నుంచీ తెలుసు. అది తగిలితే ఈ పరీక్షకి గంజాయి దొరకదండి. ఉన్నా లేనట్టే రెండు గీతలు పడిపోతాయి. డాక్టరుగారికి చెప్పాను. వచ్చిన శాంపిలుకి వచ్చింది రాయమన్నారు.”

పొద్దున వంటిల్లు మొత్తం కళ్ళముందుకి వచ్చింది.

ఒక ఏడు మా చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలి మూడూ తుడిచిపెట్టుకుపోయాయి. అప్పట్నుంచీ మా పెరటి గుమ్మంలో బ్లీచింగు నీళ్ళ తొట్టి ఉంటుంది. చెరువు నుంచి వచ్చిన కాళ్ళూ, బకెట్లూ, వలలూ అందులో ముంచాల్సిందే. రొయ్యల చెరువులున్న ఏ ఇంట్లోనైనా ఇంతే. నేను ఇంకాస్త ముందుకెళ్ళి పాలగిన్నెలూ, మసిగుడ్డలూ, సీసాలూ కూడా ముంచుతాను. ముంచాక కాగిన నీళ్ళతో మూడుసార్లు తొలుస్తాను. ఆ రోజు కూడా సీసా ముంచి గట్టు మీద బోర్లించాను. ఇంకా తొలవలేదు. అంతలో అత్తయ్య వచ్చింది. వెడల్పు మూతి మాట వచ్చింది, వీలునామా వచ్చింది, విసురుగా సీసా తీసుకుని వెళ్ళిపోయాను.

“ఇంకోసారి తేగలరా?” అంటోంది దుర్గ. సీలు తియ్యని చిన్న డబ్బా ఒకటి నాముందు పెట్టింది. “ఇది ఇస్తాను, దీంట్లో పట్టండి. మళ్ళీ ఏమీ ఇవ్వక్కర్లేదు. కానీ తొందరగా తేవాలండి. రోజూ తాగేవాళ్ళకైతే మానేసినా నెల దాకా తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారైతే మూడు నాలుగు రోజులే.”

డబ్బా వైపు చూశాను. “అక్కర్లేదమ్మా” అన్నాను. “డాక్టరుగారు రాసింది ఇచ్చెయ్యి.”

దుర్గ ఒక క్షణం నన్ను చూసి, రిపోర్టు కవర్లో పెట్టి ఇచ్చింది.

ఇంటికి చేరేసరికి అందరూ వసారాలోనే ఉన్నారు. మావారు కవరు చించి నిలబడే చదివారు. ఇంకోసారి పైకి చదివారు. ఏదో పెద్ద బరువు దించుకున్నట్టు కుర్చీలో కూలబడి, “ఒరేయ్ శశీ, ఇలా రా” అని వాణ్ణి దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. వాడి మొహం చూశాను. సంతోషం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. ఒక్క రెప్పపాటు. తర్వాత సర్దుకున్నాడు.

“నేను చెప్పలా?” అంది అత్తయ్య. “ఆ సీసా ఏం చేశావు?”

“అక్కడే పారేశారు.”

“పోనీలే. మంచి మాట మోసుకొచ్చింది.”

మర్నాడు మావారు ఆ కాగితం వెంకటపతిగారి కొట్టులో అందరిముందూ చదివారు. లక్ష్మయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా కాసేపు చూసి, తిరిగి ఇచ్చాడట. “ఎవరు తెచ్చారండీ కాయితం?” అని అడిగాడట. “అమ్మగారే” అన్నారట మావారు. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడట.

నాకు అబద్ధం అలవాటు లేదని కాదు. కానీ ఇది నేను ఆడిన అబద్ధంలా ఉండేది కాదు. కాగితంలో ఉన్నమాట నిజమే కదా. డాక్టరు సంతకం ఉంది కదా. నేను కల్పించింది ఏముంది? నీళ్ళు పోసి కలపలేదు. ఒక్కొక్కప్పుడు గంటసేపు ఇలా అనుకోగలిగేదాన్ని. ఆ తర్వాత పాలగిన్నె తోముతుంటే బ్లీచింగు వాసన వచ్చేది.

పైకి ఎవరికీ చెప్పకుండా రోజులు లెక్కపెట్టాను. నాలుగో రోజు దాటింది. వారం దాటింది. శశి నిజంగానే ఆ ఒక్కరోజే తాగి ఉంటే, ఈపాటికి వాడి ఒంట్లోంచి అది వెళ్ళిపోయి ఉంటుంది, ఇంక ఏ పరీక్షా ఏమీ చెప్పలేదు. వెళ్ళిపోతే బావుండునని ఒక పూట, వెళ్ళిపోకూడదని ఒక పూట అనిపించేది. పదో రోజు ఉతికిన బట్టలు మడతపెడుతుంటే వాడి నీలం చొక్కా జేబు పక్కన కొత్త చిల్లు కనిపించింది. ఆ చొక్కా పరీక్షయ్యాక కొన్నది. సూదీ దారమూ తెచ్చుకుని, దారం ఎక్కించి, చాలాసేపు అలాగే కూచున్నాను. చివరికి చొక్కా అలాగే మడతపెట్టి బీరువాలో పెట్టేశాను.

ఆ తర్వాతి వారం పెద్దింట్లమ్మ వచ్చింది. టార్చిలైటూ, వానకోటూ, జనరేటరు షెడ్డు తాళంచెవీ తెచ్చి అరుగు మీద పెట్టింది.

“మీయేనమ్మా. సూసుకోండి.”

“కూచో పెద్దింట్లమ్మా. లక్ష్మయ్య ఏం చేస్తున్నాడు?”

“ఏం సేత్తాడమ్మా. కోడూరులో రెండు సెరువుల మీద అడిగాడు. పేరు సెప్పగానే ఎవరో పిలిసినట్టు లోపలికి ఎల్లిపోయారంట. గిలకలదిండి ఎల్లిపోదామంటన్నాడు, తమ్ముడింటికి. అక్కడ మాత్రం ఏం సేత్తాడు? కూకుని వలలు బాగుసేసేవోళ్ళు పది మందున్నారు.” కొంగుతో మెడ తుడుచుకుంది. “అది కాదమ్మా నా బాద. ఆడు ఒకటే అంటన్నాడు. మిసను తప్పు సెప్పదు, అమ్మగోరు తప్పు తేరు, మరి నా కళ్ళే తప్పు సూశాయేమోనే అంటన్నాడు. ఆ రాత్రి నిజంగా ఇంటికొచ్చానా, అక్కడే నిద్దరోయి కల కన్నానా అని నన్నడుగుతాడు. నా పక్కలో పడుకున్న మొగుడు ఇంట్లో ఉన్నాడో లేదో నాకు తెల్దామ్మా?”

నేను లేచి మంచినీళ్ళు తెచ్చాను. ఆమె తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళింది.

ఆ పై ఆదివారం, పదకొండు గంటల వేళ, లక్ష్మయ్యే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గేటు దగ్గర చెప్పులు విడిచి, కుంటుకుంటూ వసారా మెట్ల దాకా వచ్చి ఆగాడు. మావారు పేపరు దించారు. అత్తయ్య వత్తులు చేసుకుంటోంది. శశి కుర్చీలో వెనక్కి వాలి, ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్నాడు.

“ఏం లక్ష్మయ్యా?” అన్నారు మావారు.

“రేపు గిలకలదిండి ఎల్లిపోతన్నామండి. ఎల్లేముందు సెప్పుకుందామని.” అతను శశి వైపు తిరిగాడు. “సిన్నబాబూ, కొట్టు ముందు సెప్తానన్నాను. ఆ రోజు నోరు రాలేదు. తప్పు నాదేనండి. నేను సూసింది నిజమనే అనుకున్నాను. మరి పరీచ్చలో లేదని వచ్చింది కదా. వయసైపోతంది, ఏం సూశానో ఏంటో. ఎదిగే బిడ్డ మీద నింద ఏశాను. మనసులో పెట్టుకోకండి.”

చేతులు రెండూ జోడించాడు. వంగబోయాడు కానీ మోకాలు వంగలేదు, ఒక చేత్తో స్తంభం పట్టుకున్నాడు.

శశి ఫోను మీంచి కళ్ళెత్తలేదు. బొటనవేలు మాత్రం కదలడం మానేసింది. వాడు ఒక్కమాట అంటాడని చూశాను. పొమ్మన్నా బావుండేది. తిట్టినా బావుండేది. చెవుల దాకా ఎర్రబడి అలాగే కూచున్నాడు. ఆ కాసేపూ నాకు వాడొక్కడే కనిపించాడని చెప్తే అబద్ధం. వాడి వెనక, వంటింటి గుమ్మంలో, గరిటె పట్టుకుని నిలబడి ఉన్న వాడి తల్లి కూడా అలాగే నోరు మూసుకుని ఉంది.

“సరే సరే, పోనీలే, ఇంక వదిలెయ్” అన్నారు మావారు.

లక్ష్మయ్య గేటు దాటుతుండగా వెనకే వెళ్ళాను. “రేపు గిలకలదిండి ప్రయాణం ఆపుకో. పొద్దున ఆరింటికల్లా ఇక్కడికి రా” అన్నాను.

“ఎందుకమ్మగోరూ?”

“రేపు చెప్తాను. రా.”

గంట తర్వాత భోజనాలకి కూచున్నారు. బీరకాయ పప్పు, మెత్తళ్ళ ఇగురు, చారు. నేను వడ్డిస్తున్నాను. మావారు రెండో ముద్ద కలుపుకుంటూ, “పాపం, ముసలాడు దిగొచ్చాడు. మేత బస్తాల లెక్క చూడ్డానికన్నా పెట్టుకుందామా?” అన్నారు.

“పెట్టుకోరా. క్షమించడం మనింటి గుణం” అంది అత్తయ్య. “మీ నాన్నగారూ అంతే.”

“వద్దు నాన్నా” అన్నాడు శశి కంచంలోకి చూస్తూ. “వాడి మొహం నేను చూళ్ళేను.”

“అదేమిట్రా అన్నయ్యా, సారీ చెప్పాడు కదా పాపం” అంది హర్షిణి.

చారు గిన్నె కింద పెట్టి, నేను కూడా ఒక కుర్చీ లాక్కుని కూచున్నాను. వడ్డన మధ్యలో నేనెప్పుడూ కూచోను. అందరూ తలెత్తారు.

“ఆ రిపోర్టు పనికిరాదండి” అన్నాను మావారితో. “నేను సీసా బ్లీచింగులో ముంచి, తొలవకుండా ఇచ్చాను. బ్లీచింగు ఉంటే ఆ పరీక్షకి ఏదీ దొరకదని ల్యాబులో అమ్మాయి ఆ రోజే చెప్పింది. మళ్ళీ తెమ్మని వేరే డబ్బా ఇవ్వబోతే నేనే వద్దన్నాను. ఇరవై రెండు రోజులైంది.”

మావారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. “ఏమంటున్నావు రత్నా?”

“వాడి చొక్కాలు తెచ్చి చూపిస్తాను, తిన్నాక. తొమ్మిది చిల్లులున్నాయి. ఎనిమిది నేను కుట్టాను.”

“నీకేమన్నా మతిపోయిందా!” అంది అత్తయ్య. “అయిపోయిన పెళ్ళికి మేళం కట్టినట్టు ఇప్పుడివన్నీ ఎందుకు? ఊరంతా ఏమంటుంది?”

“ఊరు లక్ష్మయ్యని ఏమంటోందో మూడు వారాలుగా వింటున్నాం కదా అత్తయ్యా.”

“అమ్మా...” అన్నాడు శశి. గొంతు సన్నగా, చిన్నప్పుడు జ్వరంలో పిలిచినట్టు వచ్చింది. నేను వాడి వైపు తిరిగాను.

“రేపు ఆరున్నర బస్సుకి బందరు వెళ్తున్నాం. నువ్వూ, నేనూ, లక్ష్మయ్య. అతన్ని రమ్మని చెప్పేశాను. అక్కడే, వాళ్ళిచ్చిన డబ్బాలో పట్టి ఇస్తావు. వచ్చింది ఏదైనా సరే, ఎల్లుండి మీ నాన్న వెంకటపతిగారి కొట్టులో చదువుతారు. ఆయన చదవకపోతే నేను చదువుతాను. ఒకవేళ ఇప్పుడు నిజంగానే రెండు గీతలు వచ్చినా, మొదటి సీసా సంగతి మాత్రం ముందు చెప్పి చదువుతాను.”

“నేను రాను” అన్నాడు.

“రాకపోతే బలవంతం చెయ్యను. అప్పుడు నేనూ లక్ష్మయ్యా బందరు వెళ్ళక్కర్లేదు. ఆరున్నరకి ఇక్కణ్ణించే సరాసరి కొట్టుకి వెళ్తాం. ఏ దారైనా నీ ఇష్టం. పడుకునేముందు చెప్పు.”

మావారు ఎడంచేత్తో నీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కుని, తాగకుండా అలాగే పట్టుకున్నారు. ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

“ముగ్గురు కాదు, నలుగురం. నేనూ వస్తున్నాను. అన్నం తినరా.”